ఇత్తడి కుప్పెలు తొడిగిన ఇర్రి

నా పదవీ విరమణ సభలో మాట్లాడిన ప్రతివాడూ జింక కథే చెప్పాడు. నేను కాపాడిన గంధపు చెట్ల మాట ఒక్కడూ ఎత్తలేదు. ఎండాకాలంలో కొండ అంటుకుంటే పచ్చి రొట్టలు పట్టుకుని ఎక్కి ఆర్పిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కేజీఎఫ్‌లో ఒక విధవరాలి చేత చీవాట్లు తిని, క్రిస్మస్ బండి లాగే జింకకు తాడు పట్టుకుని నిలబడిన గార్డు అని చెప్పి, సభనంతా నవ్వించారు. నాకు కప్పిన శాలువా మీద ఒక పాత కుంకుమ మరక ఉంది. అంతకుముందు ఎవరి భుజాల మీద కప్పారో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

ఆ కథ వాళ్లు చెప్పినట్టు జరగలేదు. వెనక వరుసలో కూర్చున్న కొత్త గార్డులు, ఇంకా బట్టల మడతలు కూడా పోని పిల్లలు, అందరికంటే ఎక్కువ నవ్వారు. వాళ్ల కోసమే రాస్తున్నాను. నవ్వినందుకు కోపం లేదని రాయను. ఉంది.

మాది కోలారు పక్కన సుగటూరు, సేద్యం చేసుకునే ఇల్లు. నన్ను కేజీఎఫ్ బీటుకు వేసినప్పుడు మా అన్న, "అడవే లేని చోట నువ్వేం కాస్తావురా, గాలినా?" అన్నాడు. ఆ మాటా నేను మరిచిపోలేదు. గనులు మూసేశాక మిగిలిన నేల అది. రాయిని పిండి కొట్టి బంగారం తీసుకుని, మిగిలిన దుమ్మును పోసిన సైనైడు దిబ్బలు కొండల్లా నిలబడి ఉంటాయి. గాలి లేచిన రోజున ఆరేసిన బట్టలన్నీ బూడిదరంగుకు తిరుగుతాయి. ఆ దిబ్బల అంచున ఎవరూ దున్నని, ఎవరూ ఇల్లు కట్టని గడ్డినేల ఉంది. ఎందుకూ పనికిరాదని మనుషులు వదిలేస్తే, ఆ నేలను కృష్ణజింకలు తీసుకున్నాయి. ఇర్రి అంటే వాటిలో మగది. ఈడు వచ్చాక వీపు నల్లబడుతుంది, కొమ్ములు మెలి తిరుగుతాయి. ఆ మందను చూస్తూ తిరగడమే నా పని. ఉద్యోగంలో నాకు సంతోషం కలిగించిన పని కూడా అదొక్కటే.

ఒక్క సంగతి మాత్రం ముందుగా తెలుసుకోవాలి. ఈనిన జింక తన పిల్లను గడ్డిలో పడుకోబెట్టి దూరంగా పోతుంది. పక్కనే ఉంటే కుక్కలకు జాడ చెప్పినట్టవుతుంది. పాలివ్వడానికి వస్తుంది, మళ్లీ పోతుంది. పిల్ల కదలదు, అరవదు. దారిన పోయేవాడికి అది దిక్కులేనిదానిలా కనిపిస్తుంది. దుర్మార్గులు పాడుచేసిన జంతువుల కంటే జాలిపడినవాళ్లు పాడుచేసినవే నేను ఎక్కువ చూశాను.

అలా జాలిపడిన మనిషి ఒక గని కార్మికుడి భార్య. భర్త ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము నింపుకుని పోయాడు. గని కార్మికుల కోసం ఒకే గోడకు అతికించి కట్టిన ఇళ్ల వరుసలను అక్కడ లైన్లంటారు. అలాంటి ఒక లైనులో ఒంటరిగా ఉండేది. తెలుగువాళ్ల చర్చిలో ఆదివారం నాడు ముందు బెంచీ ఆమెది. లైనులో కాన్పు జరిగినా, చావు జరిగినా ముందు కబురు ఆమెకే పోయేది. ఆమె దిబ్బల దగ్గర కట్టెలు ఏరుకోవడానికి పోయి జింకపిల్లను కొంగులో పెట్టుకుని వచ్చింది.

నేనూ, మా ఫారెస్టరూ కలిసి వెళ్లాం. ఫారెస్టరంటే నా పై ఉద్యోగి, నవ్వించే మనిషి, ఎవరింటికి పోయినా ముందు కుర్చీ వేయించుకునేవాడు. మేము వెళ్లేసరికి పిల్ల మంచం మీద ఉంది. దానికి చిన్నపిల్లల స్వెటరు తొడిగి, పాలపీకతో మేకపాలు పడుతోంది ఆమె.

"అమ్మా, దీన్ని ఇంట్లో పెట్టుకోకూడదు. యాడ దొరికిందో చూపించు. ఇప్పుడే అక్కడ పెట్టేస్తే తల్లి తీసుకుపోతుంది" అన్నాను.

"తల్లా? యాడుండాది తల్లి? కుక్కలు చుట్టుకోని ఉండె. చెప్పు ఇసిరి, కట్టె ఇసిరి ఎత్తుకోని వచ్చినాను. అప్పుడు యాడుంటివప్పా నువ్వు?"

"కుక్కల సంగతి నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావు? నా ఇంటి వాకిలి తెలిసె నీకు, కుక్కలుండే తావు తెలీదా?"

వాకిట్లో చేరిన లైను జనం గొల్లున నవ్వారు. ఫారెస్టరు కూడా నవ్వాడు.

"బేజారు చేసుకోవద్దమ్మా. మావోడు అంతే. కాపీలో చక్కెర తక్కువైనా పైకి కంప్లెంటు రాస్తాడు. ఆఫీసులో మేమంతా కంప్లెంట్ బాక్సనే పిలిచేది."

నేను పిల్ల కోసం చెయ్యి చాచాను. ఆమె దాన్ని కొంగు చాటుకు లాక్కుంది.

"తియ్ చెయ్యి! బిడ్డల్లేనోడివి, నీకేం తెలుస్తుంది బిడ్డ సంగతి?"

వాకిట్లో నవ్వు ఆగిపోయింది. నాకూ నా భార్యకూ పిల్లలు లేరన్న సంగతి ఆ లైనులో ఎవరికీ తెలిసే వీలు లేదు. తెలిసినవాడు నా పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందురోజే తానొక్కడే వచ్చి, టీ తాగి, పిల్లను ముద్దు చేసి, మా ఇంటి ముచ్చట్లన్నీ చెప్పి పోయాడని తర్వాత తెలిసింది. అంటే ఆ తల్లి జింక గడ్డిలో వెతుకుతూ తిరిగిన రోజున మా శాఖవాడు ఆ మంచం పక్కనే కూర్చుని ఉన్నాడు.

మా రేంజరు సారు దగ్గరికి వెళ్లి, పిల్లను స్వాధీనం చేసుకోవడానికి మనుషుల్ని ఇవ్వమని అడిగాను. ఆలస్యమైతే దానికి మంద వాసన పోతుంది, మనుషుల వాసన పడుతుంది అన్నాను.

"విధవరాలి ఒళ్లో నుంచి పిల్లను లాగితే రేపు పేపర్లో నా బొమ్మ వేస్తారప్పా. కొంచెం పెద్దది కానీ. అప్పుడు మందలో వదిలేద్దాం."

ఆ మాటతో జింక జాతకం రాసేశారు. మందలో బతకడం ఎవరు నేర్పుతారు దానికి? ఆమె దాన్ని చిన్నోడు అని పిలిచేది. టీలో ముంచిన బన్ను తినిపించేది. ఆమె చర్చిలో ఉన్నంతసేపూ అది గేటు దగ్గర నిలబడేది. లైనులో కుర్రకారు అరచేతిని దాని నుదుటికి ఆనించి తోసేవాళ్లు. అది తిరిగి తోసేది. తోసినవాడు కావాలని వెనక్కి పడితే అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. దానికి దొరికిన చదువు అదే. దాని ఈడు మగపిల్లలు గడ్డిలో ఒకదానితో ఒకటి తల కలిపి ఎవరు ఎవరికి లొంగాలో నేర్చుకుంటుంటే, ఇది మనిషితో తల కలపడం నేర్చుకుంది.

కొమ్ములు మొలిచాయి. ఎవరికో చిన్నగా గీరుకుంది. అప్పుడు ఆమె సంతకు పోయి, ఎద్దుల సామాన్లు అమ్మేవాడి దగ్గర కోడెదూడల కొమ్ములకు తొడిగే ఇత్తడి కుప్పెలు తెచ్చి, లోపల లక్క నింపి తొడిగింది. మా సుగటూరులో పండగకు ఎద్దులకు తొడుగుతారు వాటిని. కాడి మోసే జంతువుకు చేసే మర్యాద అది. ఏ కాడీ ఎరగని ఇర్రి కొమ్ముల మీద అవి మెరుస్తుంటే లైనంతా మురిసిపోయింది. నేను మాత్రం వద్దన్నాను.

"చూడప్పా కంప్లెంటూ, ఇప్పుడు ఎవురికీ గుచ్చుకోదు. ఇంకేం కావాల నీకు?" అంది ఆమె.

ఆఫీసులో పెట్టిన పేరు లైను దాకా వచ్చేసింది.

కేజీఎఫ్ క్రిస్మస్ చూడనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. లైనుకూ లైనుకూ పోటీ. ఎవరి నక్షత్రం పెద్దది, ఏసు పుట్టిన పశువులపాకను ఎవరు బాగా కట్టారు, ఎవరి క్రిస్మస్ తాత బాగా ఆడాడు అని ఏడాది పొడవునా చెప్పుకుంటారు. ఆ ఏడు ఈ లైనువాళ్లు ఇంకెవరూ చేయలేనిది చేశారు. వెదురుతో తేలికైన బండి కట్టి, దూది అంటించి, దానికి చిన్నోణ్ణి పూన్చారు. మెడలో గంట, వీపు మీద ఎర్రగుడ్డ, కొమ్ములకు ఇత్తడి. మంచుదేశంలో తాత బండిని జింకలు లాగుతాయి కదా, మన ఊళ్లో జింక లేదా అన్నారు. ముఖ్య అతిథి మా రేంజరు సారు. కేకు కోశాడు. బ్యాండు మొదలవగానే జింక బెదిరి, కళ్లు తెల్లగా తిప్పి అటూ ఇటూ లాగసాగింది.

"ఏయ్, నువ్వు తాడు పట్టుకో. యూనిఫారం పక్కనుంటే జనం దగ్గరికి రారు" అన్నాడు సారు నాతో.

"సార్, ఇది చట్టప్రకారం నేరం. మనమే నిలబడి..."

"ఏసయ్య పుట్టిన పొద్దు కూడా కంప్లెంటేనా?" అన్నాడు ఫారెస్టరు. వేదిక మీదివాళ్లంతా నవ్వారు.

పట్టుకున్నాను. నేను పట్టుకోకపోతే అది జనంలోకి దూకేది. పట్టుకున్నంతసేపూ దాని గుండె తాడు గుండా నా చేతికి తెలుస్తూనే ఉంది. ఎవరో ఫోటో తీశారు. మర్నాడు పేపర్లో వచ్చింది, క్రిస్మస్ తాతా, జింకా, తాడు పట్టుకుని నేనూ. సారు ఫోటోలో పడలేదు. ఆయన అదృష్టం అలాంటిది.

ఆ తర్వాతి వేసవికి దాని వీపు నల్లబడింది. లైనులో మగవాళ్లను తరమడం మొదలుపెట్టింది. మొదట్లో అదీ ఆటే అనుకుని నవ్వుకున్నారు. తలుపులు వేసుకోవడం మొదలైంది, అయినా నవ్వు ఆగలేదు. ఆమెకూ నేను చెప్పాను.

"అమ్మా, అది ఇప్పుడు బిడ్డ కాదు. ఇర్రి. ఈ లైను దాని జాగా అనుకుంటుండాది. రెండు కాళ్ల మీద నడిచే ప్రతిదీ దాని కంటికి ఇంకో ఇర్రే."

"అందరికీ ఇర్రి. నాకు చిన్నోడు" అంది.

ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి, ఆమె వీధి కుళాయి దగ్గర వంగి బిందె పట్టుకుంటోంది. అంతకుముందు ఎప్పుడో గోడకు రాసుకుని ఒక కుప్పె ఊడిపోయింది. ఎవరూ గమనించలేదు. జింక ముట్టె పైకెత్తి, చెవులు వెనక్కి వేసి, మెల్లగా అడుగులు వేస్తూ వచ్చిందట. ఎంత అందంగా నడుస్తున్నాడో చూడండి అని ఎవరో అన్నారట కూడా. వంగిన తలను చూసి అది తలదించింది. వంగిన తల అంటే జింకల్లో పోరుకు పిలుపు. ఆమెను కుళాయి గట్టుకు అదిమి పెట్టి కుమ్మింది.

నేను దిబ్బల దగ్గర ఉన్నాను. కబురు రాగానే పరుగెత్తాను. వెళ్లేసరికి ఆమె గోడ పక్కన కూర్చుని, కొంగు ఉండచుట్టి కడుపుకు అదుముకుని ఉంది. తెల్ల చీర ఎర్రగా తడుస్తోంది. జింక వీధి మధ్యలో నిలబడి, ఇంకా ఎవరు వస్తారా అని చూస్తోంది. చుట్టూ మగవాళ్లు కట్టెలతో, గడ్డపారలతో ఉన్నారు. ముందు నిలబడినవాడి చేతిలో ఇనుప కడ్డీ ఉంది. ఆరు నెలల కిందట ఎర్రటోపీ పెట్టుకుని ఆ బండిలో కూర్చుని చాక్లెట్లు పంచినవాడే అతను.

"సంపేయండ్రా దాన్ని! మనిషి రుచి మరిగినాది!"

ఆమె గొంతు లేవడం లేదు. అయినా నా వైపే చూసి అంది. "అప్పా, కొట్టనీయద్దప్పా. దానికి తెలీదు. నీ కాళ్లు పట్టుకుంటాను, కొట్టనీయద్దు."

గుమ్మం బయట వేసిన నులకమంచం ఎత్తి ముందు పెట్టుకుని, జింకను గోడకు నెట్టి అదిమి పట్టాను. నులక సందుల్లోంచి కొమ్ము వచ్చి నా ముంజేయి చీల్చింది. దానికి విసిరిన రాయి ఒకటి నా కనుబొమకు తగిలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. రాయి విసిరినవాడెవడో నాకు తెలుసు, ఇప్పటికీ అతనితో మాట్లాడను.

ఆమెను ఆసుపత్రికి పంపాక రేంజరు సారు జీపు దిగాడు. జనం ముందు, ఆ జనమంతా వింటుండగా నన్ను అడిగాడు.

"నీ బీటులో అడవిజంతువును ఇంట్లో పెంచుతుంటే ఇన్నాళ్లు ఏం చేస్తుంటివి? నిద్రపోతుంటివా?"

నేను ఫారెస్టరు ముఖం వైపు చూశాను. ఆయన జీపు చక్రంలో గాలి ఉందో లేదో కాలితో తన్ని చూసుకుంటున్నాడు.

విచారణలో ఆ పేపరు ఫోటో బల్ల మీద పెట్టారు. ఇది నువ్వేనా అన్నారు. నేనే అన్నాను. తాడు ఎవరి చేతిలో ఉంది అన్నారు. నా చేతిలో అన్నాను. ఇంకేమీ అడగలేదు. నన్ను శ్రీనివాసపురం వైపు చెక్‌పోస్టుకు బదిలీ చేశారు. మామిడి సీజనులో లారీ వెనక లారీ నిలుస్తుంది. కాయల కింద గంధపు దుంగలున్నాయేమో అని వంగి వాసన చూడటం నా కొత్త పని. డ్రైవర్లు నన్ను మామిడికాయల గార్డు అనేవాళ్లు. ఫారెస్టరుకు మాత్రం, జనం కోపం నుంచి జంతువును కాపాడినందుకని, సభ పెట్టి ప్రశంస ఇచ్చారు.

బదిలీకి ముందు ఒక పని చూశాను. చూడకపోతే బాగుండేది. జింకను వలలో చుట్టి దిబ్బల దగ్గర మంద కనిపించేంత దూరంలో వదిలారు. అది లేచి, ఒళ్లు దులుపుకుని, మంద వైపు చూసింది. మంద దాని వైపు చూసింది. తర్వాత అది మందను వదిలేసి, వల పట్టుకుని నిలబడిన మా వైపు తిరిగి, చెవులు వెనక్కి వేసి, మెల్లగా అడుగులు వేసుకుంటూ వచ్చింది. దానికి పోరాడదగ్గ మగవాళ్లం మేమే. ఆడ జింకలు అటు గడ్డి మేస్తూనే ఉన్నాయి.

ఇక వదలడం కుదరదన్నారు. దూరంగా ఒక జింకల పార్కులో విడిగా కంచె వేసి, ఒంటరిగా పెట్టారు. మేత వేసే మనిషి మీద పడుతుందని ఎవరూ లోపలికి పోరు. తొట్టిలోకి బయటి నుంచే నీళ్లు వదులుతారు.

విరమణ సభలో నవ్వులు విన్న తర్వాతి వారం, ఎందుకో నాకే తెలియదు, ఆ పార్కుకు పోయాను. ఆ కథలో నాతోపాటు శిక్ష పడింది ఆ జింక ఒక్కదానికే కదా అనిపించి ఉంటుంది. పోయేసరికి కంచె పక్క అరుగు మీద ఆమె కూర్చుని ఉంది. ముసలిదైపోయింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని ముందుకు వంగిపోయి ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"ఓహో, కంప్లెంటప్పా! ఇంగా బతికుండావా?"

"ఉండాను."

"రా, కూసో. బస్సులో తిందామని చెనిక్కాయలు ఉడకేసి తెచ్చుకున్నాను. తిను."

తినలేదు. కూర్చున్నాను. ఇన్నేళ్లుగా మోసుకు తిరుగుతున్నదాన్ని దించుకోకుండా పోయే మనిషిని కాను నేను.

"బిడ్డల్లేనోడని అంటివి నన్ను. లైనంతా వింటుండగా."

ఆమె ఒక వేరుశనగ కాయ ఒలిచి నోట్లో వేసుకుంది. "అంటిని. ఒళ్లోనుంచి లాక్కోను వస్తివి. అప్పుడేమనాల, రాప్పా కూసోప్పా అనాల్నా?"

"ఆ మాటకు నా భార్య నెల్లాళ్లు అన్నం సరిగా తినలేదు."

"ఆమెతో ఎవురు చెప్పినారు? నేను చెప్పినానా? నువ్వే కదా పోయి చెప్పింటావు."

చెప్పింది నేనే. తప్పయిందని ఆమె ఆ రోజూ అనలేదు. అనలేదని ఇక్కడ రాసి పెడుతున్నాను.

అంతలో కంచె అవతల నీడలోంచి అది లేచింది. వయసు మీద పడింది గాని వీపు ఇంకా నల్లగానే ఉంది. కొమ్ములు మెలికలు తిరిగి పొడుగ్గా పెరిగాయి. కుప్పెలు ఎప్పుడో తీసేశారు. ఆమె లేచి కంచె దగ్గరికి పోయి, "చిన్నోడా" అని పిలిచి, రెండు అరచేతులూ జల్లెడ కంచెకు ఆనించి, తల వంచింది. జింక ముట్టె ఎత్తింది, చెవులు వెనక్కి వేసింది. మెల్లగా నడిచి వచ్చి, ఒక్కసారిగా తలదించి కొట్టింది. కంచె అంతా మోగింది.

"చూస్తివా," అంది ఆ పిలుపు విని ఆగిన, పార్కు చూడవచ్చిన ఒకామె. "ఎంత బాగా గుర్తుపట్టినాడో పెంచిన తల్లిని!"

ఆ మాట నేను భరించలేకపోయాను. చూడవచ్చినామె అటు పోగానే చెప్పేశాను. నేను కాకపోతే ఎవరు చెబుతారు?

"అమ్మా, అది గుర్తుపట్టడం కాదు. నిన్ను ఇంకో ఇర్రి అనుకుంటుండాది. కంచె లేకపోతే ఈ పొద్దు నిన్ను చంపుతుంది."

"నాకు తెలీదా?" అంది ఆమె, కంచె వదలకుండానే. "కొమ్ము దిగింది నా కడుపులోనా, నీ కడుపులోనా?"

"తెలిసీ ఎందుకు వస్తావు మరి?"

జింక వెనక్కి నడిచి, మళ్లీ దూరం తీసుకుంటోంది.

"దీని ఈడుకు ఒక మందుండాల. నాలుగు ఆడవి ఉండాల. తరమను, తరిమించుకోను ఇంకో మగది ఉండాల. అన్నీ నేనే లేకుండా చేస్తిని. ఒక్కటే నిలబడి కంచె చూసుకుంటుండాది. పోట్లాడను ఒకరన్నా ఉండాల కదప్పా దానికి. ఇంగెవురుండారు, నేను తప్ప?"

అది మళ్లీ వచ్చి కొట్టింది. కంచె మోగగానే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్లీ కొట్టింది, మళ్లీ ఒక అడుగు. కొట్టిన ప్రతిసారీ ఆమె తల వంచుకునే వెనక్కి జరుగుతోంది. చివరికి ఆమె అరుగు దాకా వచ్చేసరికి జింక ఆగిపోయింది. తల పైకెత్తి, ఆ చిన్న కంచె లోపల, తనదైన ఆ మట్టినేల మీద ఒక చుట్టు నడిచింది.

ఆమె కడుపు పట్టుకుని కూర్చుని, ఆయాసం తీర్చుకుని, సంచీ భుజానికి తగిలించుకుంది.

"పద, బస్సు పోతుంది" అంది నాతో. "ఈ పొద్దుకు వాడు గెలిచినాడు."